బెంగుళూరు నీరు - మన రంగు కాగు

ఈ పత్రికలో నూలు ధర గూర్చి, పట్టు ధర గూర్చి, జరీ నాణ్యము గూర్చి, సంఘములకు రావలసిన బాకీల గూర్చి వ్రాయుట వాడుక. నగర నిర్మాణ శాస్త్రము గూర్చి వ్రాయుట వాడుక కాదు. ఐనను ఈ మాటు ఆ విషయమునే తీసుకొనుచున్నాము. కారణము నీరు.

2024వ సంవత్సరము వేసవిలో బెంగుళూరు నగరమునకు వచ్చిన నీటి కరువు మన కుటుంబములలో ఎవరును మరువలేదు. ప్రభుత్వపు బోరుబావులు సుమారు పదునాలుగు వేలు ఉండగా, వానిలో దాదాపు సగము ఎండిపోయినవి. మార్చి నెలలో నీటి సరఫరా మండలివారు మంచినీటితో కార్లు కడుగుట, తోటలు తడుపుట నిషేధించి, మీరిన వారికి 5,000 రూపాయలు జరిమానా అని ప్రకటించిరి. ట్యాంకరు వచ్చు వేళకు బిందెలతో నిలబడిన వీధిలో రంగు కాగు పొయ్యి మీదికి ఎక్కునా? త్రాగు నీరు ముందు, వంట తరువాత, మన అద్దకము ఆఖరున. అద్దకము ఆగిన చోట మగ్గమును ఆగును. ఇంతటి సంబంధము ఉన్న విషయమును గూర్చి నేతగాడు మాట్లాడక, ఇంజనీర్లకును, మంత్రులకును వదలివేయుట మంచిది కాదని మా అభిప్రాయము.

ఈ నగరములోని విద్యాసంస్థలలో ఇప్పుడు ఒక కొత్త పద్ధతి పరిశోధన సాగుచున్నది. నీరు, మురుగు, రోడ్డు, విద్యుత్తు, ఇల్లు, చెట్టు - వీనిలో ఒక్కొక్క దానిని విడిగా చూడక, అన్నిటిని కలిపి ఒకే వ్యవస్థగా పరీక్షించుటయే ఆ పద్ధతి. భారతీయ విజ్ఞాన సంస్థలో నగర రవాణా, ప్రణాళికల కొరకై 2009లో ఒక కేంద్రము ఏర్పడినది. చెరువులను, చిత్తడి నేలలను దశాబ్దములుగా లెక్క కట్టుచున్న పండితులును ఆ సంస్థలోనే కలరు. ఇతర పరిశోధనాలయములును ఇందులో పాల్గొనుచున్నవి. శాస్త్రజ్ఞులు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టినారు. మన మాటలో చెప్పవలెనన్న, అచ్చు లెక్క ఒకరు, పడుగు పోగుల లెక్క ఒకరు, పేక నంబరు ఇంకొకరు ఎవరికి తోచినట్లు వారు నిర్ణయించినచో గుడ్డ రాదు. ముగ్గురి పనియు విడివిడిగా చూచిన దోషము లేనిదే కావచ్చును. కలిసినప్పుడే లోపము తెలియును. నగరము గతియు అంతే.

పాతపేట ఎట్లుండెను

కెంపేగౌడ ప్రభువు 1537లో ఈ పేటను కట్టించినప్పుడు ఇక్కడ జీవనది లేదు. ఊరు సముద్రమట్టమునకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, మిట్ట మీద ఉన్నది. పడిన వాన మూడు లోయలగుండా పల్లమునకు జారిపోవును: ఒకటి కోరమంగళ - చల్లఘట్ట లోయ, ఒకటి హెబ్బాళ లోయ, ఒకటి వృషభావతి లోయ. అందువలన ఆనాటివారు చెరువు వెనుక చెరువు కట్టి, పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువులో చేరునట్లు గొలుసుగా అమర్చినారు. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి చెరువులు ఆ కూర్పులోనివే. చెరువులో నీరు నిలిచిన బావిలో ఊట ఉండెను. బావిలో ఊట ఉన్నంత కాలము పేట వీధులలో అద్దకము సాగెను.

ఆ పేటలో నేతపని పెద్ద వృత్తి. 1800 సంవత్సరములో ఈ ఊరు చూచిన బుకానను దొర ఇక్కడి దేవాంగులను, తొగటలను, ఇతర నేత కులములవారిని, వారు నేయు బట్టలను, వేయు రంగులను గూర్చి తన ప్రయాణ గ్రంథములో వివరముగా వ్రాసినాడు. కబ్బన్‌పేట, నగర్తపేట ప్రాంతములలో మగ్గము చప్పుడు తరతరములుగా వినవచ్చినదే.

ఐతే పాతకాలమంతయు స్వర్గమని మేము చెప్పబోము. ఇరుకు సందులు, మురుగు, రోగములు అప్పుడును కలవు. 1898లో ప్లేగు వచ్చి పేటను పీడించిన పిమ్మటనే మల్లేశ్వరము, బసవనగుడి వంటి విశాలమైన పేటలు త్వరగా పెరిగినవి. మేము చెప్పదలచినది ఒక్కటే. ఆనాటి ఊరిలో నీరు వచ్చు దారి, నీరు పోవు దారి జనుల కంటికి కనబడుచుండెను. చెరువు తగ్గిన ఊరందరికి తెలిసెడిది. ఇప్పుడు కొళాయి త్రిప్పువారికి ఆ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో, కాలువలో పోసినది ఎక్కడికి పోవుచున్నదో తెలియదు. తెలియనప్పుడు బాధ్యతయు ఉండదు.

గొట్టము వచ్చినది, చెరువు పోయినది

పందొమ్మిదవ శతాబ్ది చివర అర్కావతి నది మీది హెసరఘట్ట చెరువునుండి గొట్టములలో నీరు తెచ్చినారు. 1933లో అదే నది మీద తిప్పగొండనహళ్ళి జలాశయము కట్టినారు. 1964లో నీటి సరఫరా, మురుగు పారుదల మండలి ఏర్పడినది. 1974లో కావేరి నీరు వచ్చినది. ప్రతి పర్యాయమును జనులు సంతోషించిరి. సంతోషింపదగినదే. కాని దూరపు నీరు వచ్చిన కొలదిని దగ్గరి చెరువు మీద శ్రద్ధ తగ్గినది. ధర్మాంబుధి చెరువున్న చోట నేడు బస్సులు నిలుచుచున్నవి. సంపంగి చెరువున్న చోట క్రీడా మైదానమున్నది.

భారతీయ విజ్ఞాన సంస్థవారి లెక్క ప్రకారము 1973 మొదలు 2017 వరకు ఈ నగరములో కట్టడములు, సిమెంటు, తారు కప్పిన నేల పది రెట్లకు మించి పెరిగినది. పచ్చదనము నూటికి 88 వంతులు, నీటి వనరులు నూటికి 79 వంతులు తగ్గినవి. నేల మూతపడిన తరువాత వాన లోనికి ఇంకదు, పైన పారును. అందువలననే వేసవిలో కరువు, వర్షకాలములో వరద. 2022 సెప్టెంబరులో పెద్ద పెద్ద కంపెనీలున్న పేటలే నీట మునిగి, జనులు పడవల మీదను, ట్రాక్టర్ల మీదను బయటికి వచ్చిరి. ఒకే ఊరికి రెండేండ్ల తేడాలో రెండు కష్టములు, రెంటికిని మూలమొకటే.

కావేరి నీటి సంగతి చూతము. ఆ నీరు సుమారు వంద కిలోమీటర్ల దూరమునుండి, మూడు అంచెలలో దాదాపు ఐదు వందల మీటర్ల ఎత్తునకు ఎక్కి మన వీధికి చేరుచున్నది. ఎక్కించుటకు పట్టు విద్యుత్తు ఖర్చు మండలివారి వ్యయములో పెద్ద భాగము. 2024 అక్టోబరులో ఐదవ దశ ప్రారంభమై, నగరము చివరనున్న 110 గ్రామముల కొరకు దినమునకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు తెచ్చు సామర్థ్యము సమకూరినది. అంతకు ముందు దినమునకు సుమారు 145 కోట్ల లీటర్లు వచ్చుచుండెను. ఇంత చేసినను, ఇదే చాలునని చెప్పగల ఇంజనీరు లేడు.

మరి ఈ ఊరి మీద పడు వాన ఎంత? సాలీనా సుమారు 970 మిల్లీమీటర్లు. మహానగర పాలిక వైశాల్యము 700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గుణించి 365 దినములకు పంచి చూచినచో దినమునకు 180 కోట్ల లీటర్ల పైమాటే. ఇది అంతయు పట్టుకొనుట సాధ్యము కాదు, పట్టుకొనవలసిన పనియు లేదు. కాని ఆకాశమునుండి ఉచితముగా పడిన దానిని మురుగు కాలువలోనికి తోసి, వంద కిలోమీటర్ల దూరమునుండి విద్యుత్తు పెట్టి తెచ్చుకొనుట ఎట్టి గృహస్థ ధర్మము?

అర్కావతి చెప్పిన పాఠము

ఇప్పుడు మన వృత్తికి మిక్కిలి దగ్గరి సంగతికి వచ్చుచున్నాము. దొడ్డబళ్ళాపురము మన నేత కుటుంబములకు పెద్ద నెలవు. మరమగ్గముల మీద పట్టు చీరలు నేయు ఇండ్లు అచ్చట వీధి వీధిన కలవు. ఆ పట్టణము అర్కావతి పరీవాహకములో ఉన్నది. ఆ నది నంది కొండల యొద్ద పుట్టి, హెసరఘట్ట, తిప్పగొండనహళ్ళి మీదుగా పోయి కావేరిలో కలియును. కొన్ని దశాబ్దములుగా ఆ నదిలో నీరు లేదు. నగరమునకు ఒకప్పుడు నీరిచ్చిన జలాశయమునకు రాక క్షీణించినది.

నది ఎందుకు ఎండినది? వానలు తగ్గినవని కొందరు, వేడి పెరిగినదని కొందరు, పైన చెక్‌డ్యాములు కట్టుటవలననని కొందరు అనుకొనుచుండిరి. బెంగుళూరులోని అశోకా పర్యావరణ పరిశోధనాలయమువారు, వీణా శ్రీనివాసన్ గారు మొదలగువారు ఈ ప్రశ్నను పట్టుకొని, తోచిన కారణములన్నిటిని వరుసగా పెట్టి, ఒక్కొక్క దానిని పరీక్షించి, 2015లో ఫలితము ప్రకటించినారు. వాన తగ్గినట్లు లెక్కలలో కనబడలేదు. వేడిమివలన ఇంత మార్పు రాదు. ముఖ్య కారణములుగా తేలినవి భూగర్భ జలమును బోర్లతో తోడుట, జామాయిలు తోటలు విస్తరించుట. చెక్‌డ్యాములకును కొంత పాత్ర ఉండవచ్చునన్నారు.

సోదరులారా, దీనిలోని భావము గమనింపుడు. బోరు వేసినవాడు తన ఇంటి కొరకు వేసినాడు. జామాయిలు నాటినవాడు కూలి దొరకని పొలములో నాలుగు డబ్బులు వచ్చునని నాటినాడు. ఎవరును నదిని చంపవలెనని తలచలేదు. వ్యవసాయ శాఖకు జామాయిలు కనబడెను, విద్యుత్ శాఖకు పంపుసెట్టు కనబడెను, నీటి మండలికి జలాశయము మట్టము కనబడెను. నది మాత్రము ఎవరి దస్త్రములోను లేదు. తిలా పాపము తలా పిడికెడు అన్నట్లు అందరు కలిసి చేసిన పనికి ఒకరు బాధ్యులని చెప్పుటకు వీలు లేకపోయెను. కలిపి చూచు పరిశోధన అవసరమని మేము చెప్పుట ఇందుకే. వాన తగ్గినదని నమ్మి కూర్చున్నచో దేవునికి దండము పెట్టుట తప్ప చేయగలది లేదు. బోర్లవలన తగ్గినదని తెలిసినచో చేయవలసిన పని మన చేతిలోనే ఉన్నది.

మురుగు కూడ నీరే

నగరములో వాడిన నీరు మాయము కాదు. మురుగై పల్లమునకు పోవును. వృషభావతి ఒకప్పుడు పేరుకు తగిన పుణ్యనది. నేడు నగరపు మురుగును, కార్ఖానాల నీటిని మోసికొని బైరమంగళ చెరువులో పడుచున్నది. బెళ్ళందూరు చెరువు నగరములో అన్నిటికంటె పెద్దది. దాని మీద నురుగు లేచి రోడ్డు మీదికి వచ్చుటయు, 2015, 2017, 2018 సంవత్సరములలో మంటలు లేచుటయు లోకమంతయు చూచినది. నీటి మీద నిప్పు రేగు ఊరు మన ఊరని చెప్పుకొనుట గర్వకారణము కాదు.

ఐతే అదే మురుగు శుద్ధి యైనచో సంపద. కోరమంగళ - చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని 2018 మొదలు కోలారు జిల్లా చెరువులకు పంపుచున్నారు. దినమునకు 44 కోట్ల లీటర్లు పంపవలెనని ఆ పథకము. హెబ్బాళ లోయనుండి చిక్కబళ్ళాపురము వైపు 21 కోట్ల లీటర్ల పథకము ఇంకొకటి. ఆ జిల్లాలు మన తెలుగువారు విరివిగా నివసించు సీమ. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత ఉన్నదియు అక్కడనే. బెంగుళూరు ఇంటిలో స్నానము చేసిన నీరు శుద్ధియై కోలారు చెరువు చేరి, బావిలో ఊరి, మల్బరీ తోటకు పారి, పట్టుపురుగుకు ఆకై, గూడై, దారమై తిరిగి మన మగ్గము మీదికి వచ్చుచున్నది. నేతగానికి నగరపు మురుగుతో సంబంధమేమని ఎవరైన అడిగినచో ఈ దారి చూపవలెను.

ఆ పథకమునకు అభ్యంతరములును కలవు. బావులలో నీరు పెరిగినదని సంతోషించు రైతులున్నారు; రెండవ దశ శుద్ధితోనే పంపుచున్నారు, మూడవ దశ శుద్ధి లేనిచో నేలకు, ఆరోగ్యమునకు ముప్పని కోర్టులకు ఎక్కినవారును ఉన్నారు. ఆ అడుగుట న్యాయమే. నీరిచ్చితిమి కదా అని గుణము గూర్చి అడుగకుండ చేయుట ధర్మము కాదు. దారములో నాణ్యము అడుగు మనము నీటిలో నాణ్యము అడుగవద్దందుమా?

చిన్నదైనను చక్కని ఉదాహరణము యలహంక దగ్గర జక్కూరు చెరువు. విస్తీర్ణము సుమారు 160 ఎకరములు. దాని ఎగువను మండలివారి శుద్ధి కేంద్రమున్నది. దినమునకు కోటి లీటర్ల సామర్థ్యముతో కట్టినది. అందునుండి వచ్చు నీరు తిన్నగా చెరువులో పడక, ముందు జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి నేలగుండా మెల్లగా పారును. అక్కడ మిగిలిన మలినము కొంత విరిగి, తరువాత చెరువు చేరును. చెరువు నిండియుండుటవలన చుట్టుపట్ల బావులలో ఊట వచ్చినది. చేపలు పట్టువారికి జీవనమున్నది, పక్షులున్నవి, సాయంకాలము పిల్లలతో తిరుగు జనులున్నారు. శుద్ధి కేంద్రము, చిత్తడి నేల, చెరువు, బావి - నాలుగును ఒక దండలో గ్రుచ్చినందున వచ్చిన ఫలము ఇది. ఎగువ శుద్ధిలో లోపము వచ్చిన నాడు చెరువు వెంటనే చెడును గనుక కాపలా తప్పదు. కాని ఇది ఆగును, సాగదు అను మాటకు తావు లేదు, సాగుచునే యున్నది.

మన ఇంటి సంగతి

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఇతరులను అడుగుటకు ముందు మన రంగు నీరు ఎక్కడికి పోవుచున్నదో మనము చెప్పగలుగవలెను.

పచ్చి పట్టును సబ్బుతోను, సోడాతోను ఉడికించి జిగురు తీసినప్పుడు పట్టు బరువులో దాదాపు నాలుగవ వంతు నీటిలో కలియును. ఆ నీరు కాలువలో చేరిన వెంటనే క్రుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును తినివేయును. నూలుకు వేయు రంగులలో కొంత భాగము దారమునకు పట్టక నీటిలోనే మిగులును. దానితో పాటు ఉప్పును పోవును. ఒక ఇంటి కాగు చిన్నది. ఒక వీధి కాగులన్ని కలిపిన చిన్నవి కావు. దొడ్డబళ్ళాపురము దిగువనున్న గ్రామములవారు పట్టణపు మురుగు, కార్ఖానాల నీరు తమ చెరువులలో చేరుచున్నవని కొన్ని ఏండ్లుగా ఆందోళన చేయుచున్నారు. వారును మనవలె కష్టించి బ్రతుకువారే.

ఇందు గూర్చి ఉపేక్ష చేసినచో ఏమగునో తిరుప్పూరును చూచి నేర్వవచ్చును. అక్కడి అద్దకపు నీరు నొయ్యల్ నదిలో చేరి, సేద్యము కొరకు కట్టిన ఒరత్తుపాళయము ఆనకట్ట రంగు నీటి తొట్టియైపోయినది. రైతులు కోర్టుకు పోయిరి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల కొలది అద్దకపు కార్ఖానాలను ఒక్కసారి మూయుమని ఆజ్ఞాపించినది. ధనవంతులు యంత్రములు కొని తిరిగి తెరిచిరి. చిన్నవారు, కూలివారు వీధిన పడిరి. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనినట్లు అయినది. కోర్టు ఆజ్ఞ పెద్దవానికి ఖర్చు, చిన్నవానికి నాశనము. కావున చిన్నవాడే ముందుగా మేలుకొనవలెను.

"పెద్ద కంపెనీలను వదలి మనను పట్టుకొందురు" అని మనలో కొందరు అందురు. అది నిజము కాదని మేము అనము. కాని మన లెక్క మన చేతిలో ఉన్ననాడు పెద్దవాని లెక్క అడుగు నోరు మనకు వచ్చును. మన కాలువ దాచుకొన్నంత కాలము ఆ నోరు రాదు.

"ఇవి చదువుకొన్నవారి పనులు, దీనివలన అన్నము వచ్చునా" అను వారును కలరు. ఒక చిన్న లెక్క చెప్పెదము. ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల ఇంటి కప్పు మీద ఈ నగరములో సంవత్సరమునకు లక్ష లీటర్ల వాన పడును. వాన నీరు మెత్తని నీరు. లోతైన బోరు నీటిలో సున్నపు గుణము ఎక్కువ. ఆ నీటిలో సబ్బు విరిగి తెట్టె కట్టును, జిగురు సరిగా పోదు, రంగు మందగించును. మన అద్దకపువారికి తెలియని సంగతి కాదిది. మంచి రంగు కొరకు ఖర్చు పెట్టి మందులు కలుపుకొనుటకంటె కప్పు మీది నీటిని తొట్టిలో పట్టుకొనుట లాభము. 2009లో చట్టము సవరించి వాన నీటి సేకరణను నిర్బంధము చేసినారు. చట్టము భయముతో గొట్టము పెట్టి వదలిన ఇండ్లు చాల కలవు. మనము లాభము కొరకు చేయుదము.

మగ్గమున్న ఇల్లు నగర పటములో ఏది?

పరిశోధకులకును, ప్రణాళిక వ్రాయువారికిని మేము చెప్పవలసిన మాట ఒకటి కలదు. నగర పటములో ఒక చోట నివాసమని, ఒక చోట పరిశ్రమ యని రంగులు వేసి విడదీయుదురు. మన ఇంటిలో ముందు గదిలో మగ్గము, వెనుక గదిలో పొయ్యి. మనము నివాసమా, పరిశ్రమయా? నివాసమన్నచో మగ్గమునకు అనుమతి లేదందురు. పరిశ్రమ యన్నచో ఊరి వెలుపలికి పొమ్మందురు. రంగు నీటి కాలువ కావలెనని అడుగబోయిన నేతగాడు ఒక కార్యాలయమునుండి ఇంకొక కార్యాలయమునకు తిరిగి, చెప్పులరిగి ఇంటికి వచ్చుట మనము ఎరిగినదే.

ఈ నగరములో రోడ్ల మీద జనులు గంటల కొలది నిలిచిపోవుచున్నారు. పొగ, శబ్దము, పెట్రోలు ఖర్చు - వీనిని తగ్గించుట ఎట్లని పండితులు తర్జనభర్జన చేయుచున్నారు. ఇంటిలోనే పనిచేయు నేతగాడు పనికి పోవుటకు రోడ్డు ఎక్కడు. వాని భార్య కండెలు చుట్టుటకు బస్సు ఎక్కదు. అట్టి కుటుంబములను ఊరికి ముప్పది మైళ్ళ దూరము పంపినచో రోడ్డు మీదికి కొత్తగా జనమును తెచ్చినట్లే కదా? నీటిని, రోడ్డును, ఇంటిని కలిపి లెక్కించు శాస్త్రము ఈ సంగతిని కూడ లెక్కలో వేయవలెను. మరమగ్గముల చప్పుడు పొరుగువారికి బాధ యనుట సత్యమే. దానికి గోడలు, నేల, పని వేళలు సరిచేయు మార్గము వెదకవలెను గాని, వృత్తిని పెకలించుట మార్గము కాదు.

ఏమి చేయవలెను

2025లో బెంగుళూరు పరిపాలన మారినది. మహా బెంగుళూరు ప్రాధికారము ఏర్పడి, ఒకటిగా నుండిన పాలిక ఐదు నగర పాలికలుగా విభజింపబడినది. ఊరు ఐదుగా పంచుకొనవచ్చును, చెరువుల గొలుసును పంచుకొనుటకు వీలు లేదు. పై పాలిక మురుగు క్రింది పాలిక చెరువునకు పోవును. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదన్న సామెత నిజము కాకుండవలెనన్న, లోయ లోయకు ఒక లెక్క, ఆ లెక్కకు ఒక బాధ్యుడు ఉండవలెను. ఇది ప్రభుత్వమువారికి మా మొదటి మనవి.

రెండవది, మగ్గములున్న పేటలకు ఉమ్మడి అద్దకశాలలు కట్టవలెను. శుద్ధి యంత్రము ఒక్కొక్క కుటుంబము పెట్టుకొనజాలదు. వంద కుటుంబములు కలిసి, సహకార పద్ధతిని, ప్రభుత్వ సహాయముతో పెట్టుకొనగలవు. అది కట్టిన తరువాత ఇంటి కాలువలో పోయువారిని శిక్షింపుడు; కట్టకముందు శిక్షించుట న్యాయము కాదు. మూడవ దశ శుద్ధి చేసిన నీటిని ఆ అద్దకశాలకే ఇచ్చినచో కావేరి నీరు త్రాగుటకు మిగులును.

మూడవది, పరిశోధన ఫలితములను కన్నడములోను, తెలుగులోను, మాకు తెలియు మాటలలో ప్రకటింపవలెను. మా వీధి బావిని కొలిచినవారు మా వీధికి వచ్చి చెప్పవలెను. లెక్క కట్టునప్పుడు మగ్గమున్న ఇండ్లను ప్రత్యేకముగా లెక్కింపవలెను.

మన కుటుంబములకు చెప్పవలసినది ఇంకను సులభము. ప్రతి అద్దకపు ఇంటిలో ఒక పుస్తకము పెట్టి, ఏ దినము ఎన్ని చిలపలకు ఎన్ని బిందెల నీరు వాడినది వ్రాయుడు. లేత రంగులు ముందు, ముదురు రంగులు తరువాత వేసినచో కాగు కడుగు నీరు మిగులును. ఆఖరు జాడింపు నీటిని పారబోయక మరుసటి మొదటి జాడింపునకు వాడుకొనవచ్చును. రంగు తూచి వేయుడు. ఎక్కువ వేసిన రంగు కాలువలో పోసిన డబ్బు. వాన కాలువలో రంగు నీరు పోయకుడు. బోరున్నవారు నెలకొకసారి నీటి మట్టము కొలిచి వ్రాయుడు. వీధికి ఒకరు చొప్పున వార్డు సమితి సమావేశమునకు పోయి, మగ్గపు ఇండ్ల మాట వినిపింపుడు. స్త్రీలు పోయిన మరియు మంచిది; నీటి బరువు మోయునది వారే.

నగరము గూర్చి నిర్ణయములు జరుగు గదిలో నేతగాని కుర్చీ నేటికిని లేదు. ఎవరును పిలిచి కూర్చుండబెట్టరు. మన నీటి లెక్క, మన మురుగు లెక్క చేత పట్టుకొని పోయినచో కుర్చీ ఇవ్వక తప్పదు. ఈ వర్షకాలమునకు ముందే ప్రతి సంఘము తన సభ్యుల ఇండ్ల పుస్తకములు తెరిపింపవలెనని, ఆ లెక్కలు మాకు పంపినచో ఈ పత్రికలో ప్రకటించి, అధికారుల ఎదుట పెట్టుదుమని మనవి చేయుచున్నాము.